పేరు తెలియని సీసా

హిందూపురం కబడ్డీ పోటీల గేటు ముందు బస్సు దిగి, ధర్మవరం దాసమ్మ అక్కడ ఆటో నడిపే గిరిని అడిగింది.

"మంచి వైన్ షాపు యాడుండాదప్పా? బిర్యానీ హోటలు కూడా మంచిదే చూపించు."

గిరి ఆమెను ఎగాదిగా చూశాడు. జనం ఆట కోసం వస్తే ఈమె దీనికోసం వచ్చిందన్నమాట.

షాపు ముందు ఆటో ఆగినా ఆమె దిగలేదు. తెచ్చిపెట్టమంది.

"ఏ బ్రాండమ్మా?"

"ఆట చూసేకి వచ్చినోళ్లు తాగేది."

"ఒక్కొక్కరు ఒక్కొక్కటి తాగుతారు. పేరు చెప్పమ్మా."

దాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా ఆయన పోయి రేపటికి ఏడాది. ఇష్టమైంది సమాధి కాడ పెట్టల్ల. ఏటా ఈ ఆటకొచ్చి తాగొస్తాండె. ఏం తాగినావని ఎప్పుడూ అడగల్యా. ఎందుకు తాగినావనే అడిగినా."