బీరువా వెనక

"మీ అబ్బాయే మా పిల్లకి మాయమాటలు చెప్పాడు!"

"మీ పిల్లే మావాణ్ణి బుట్టలో వేసుకుంది!"

రిజిస్ట్రార్ గది గుమ్మంలో ఇద్దరూ ఒకరి మీదికొకరు వెళ్తున్నారు. ఆవిడ బట్టలు కుట్టి, తన పెళ్లి ఊసెత్తకుండా మేనకోడల్ని పెంచిన మేనత్త. ఆయన, తనూ పెళ్లి మానుకుని, అన్న కొడుకే లోకంగా బతికే బస్సు డ్రైవరు. పిల్లలిద్దరూ చెప్పకుండా రిజిస్టర్ పెళ్లి చేసుకోబోతున్నారని తెలిసి, ఆపడానికి పరుగెత్తుకొచ్చారు.

అంతలో కింద తుపాకులు పేలాయి. అద్దాలు భళ్లున పగిలాయి.

"ఉగ్రవాదులు! లోపలికి జొరబడ్డారు!" ఎవరో అరిచారు.

డ్రైవరు ఆవిడ రెక్క పట్టుకుని గదిలోకి లాగి, గడియ పెట్టి, ఆవిణ్ణి ఇనప బీరువా వెనక్కి తోసి తనూ దూరాడు. రిజిస్ట్రార్ అప్పటికే బల్ల కిందున్నాడు.

"పిల్లలు... పిల్లలు కిందున్నారేమో!" మేనత్త బయటికి పోబోయింది.

చేతిలో ఫోను వెలిగింది. 'అత్తా, ఎక్కడున్నావ్? మేం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. పోలీసులు రోడ్డు మూసేశారు.'

ఆవిడ ఏడుస్తూనే నవ్వేసింది. "మా పిల్ల ఏనాడూ టైముకి తెమలదు."

"మావాడు అంతకన్నా ఘనుడు. సరిగ్గా కుదిరారు" గొణిగాడు డ్రైవరు.

వరండాలో బూట్ల చప్పుడు. ఆయన ఆవిడకి అడ్డంగా జరిగాడు. భుజాలు వణుకుతున్నాయి.

"మీకూ భయమేనా?"

"లేకపోతే బీరువా వెనకెందుకుంటానండీ?"

చప్పుడు తలుపు దాకా వచ్చి, దాటిపోయింది.

సాయంత్రానికి కమాండోలు ఉగ్రవాదులను పట్టుకున్నారు. గాయపడ్డ గార్డులు బతికి బయటపడ్డారు. పోలీసులు కట్టిన తాడుకు అవతల, ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిన పిల్లలు ఎదురుచూస్తున్నారు. మేనత్త అబ్బాయిని, డ్రైవరు అమ్మాయిని గుండెలకు హత్తుకున్నారు. పెళ్లి ఆపే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కొన్నాళ్లకు ఆఫీసు తెరిచారు. తూటాలు చేసిన గుంటల్లో సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. నలుగురూ కొత్త బట్టల్లో వచ్చారు. రిజిస్ట్రార్ ఎదురొచ్చి మరీ పలకరించాడు.

"రండి, రండి! పెళ్లికూతురు ముందుకు రావాలమ్మా."

"పెద్దవాళ్లది అయ్యాకే మాది" అంటూ మేనకోడలు మేనత్తను వెనక నుంచి ఒక్క తోపు తోసింది.