గేదె లేని పాఠం

ఏమర్రా, గేదె లేని చోట గేదె ఎక్కడం నేర్పితే ఎవరికి నిద్ర రాదు, చెప్పండి?

ఒక కొంగయ్య ఉండేవాడు. గేదె వీపెక్కి, అది నడిచినప్పుడు గడ్డిలోంచి లేచే మిడతల్ని పట్టుకుని బతికాడు. ఇప్పుడా చుట్టుపక్కల గేదెలే లేవు. అయినా ఎదిగిన కొడుకుని రోజూ మట్టిదిబ్బ ఎక్కించి, "ఇదే గేదె అనుకో, జారకుండా కూర్చో" అనేవాడు. కొడుకు దిబ్బ మీదే కునుకు తీసేవాడు.

"సోమరిపోతా! ఆకలితో చస్తావురా!" అని కొంగయ్య ముక్కుతో పొడిచాడు.

కొంగమ్మకు ఒళ్లు మండింది. "ఆ దిబ్బ మీంచి ఒక్క మిడతైనా లేచిందా? నువ్వే పస్తులుంటూ వాడికి బతకడం నేర్పుతావేంటయ్యా? అటు చూడు, ట్రాక్టర్ దున్నుతోంది. వెనకాల మట్టి నిండా పురుగులే!"

"దాని మీద కూర్చునేదెట్లా?"

"ఎవరు కూర్చోమన్నారు? వెనకాల నడవాలి! ఒరేయ్, నువ్వూ లే! నాన్న పాఠం పాతదైతే నీ కాళ్లు పడిపోయాయా?"

కొడుకు విసుక్కుంటూనే దిగాడు. ట్రాక్టర్ వెనకాల నడిచి కడుపునిండా తిని, ఒక పురుగు తండ్రికీ తెచ్చాడు. కొంగయ్య దాన్ని మింగి ఏమన్నాడో తెలుసా? "దిబ్బ మీద నేను నేర్పబట్టే వీడికిది కుదిరింది!"

ఆ పెద్దమనిషికి ఇంకేం చెప్తాం? జరగండర్రా, చిక్కుడుకాయల ఈనెలు ఇంకా సగమే తీశాను.