ఎనోస్ మానేసిన సైడర్

చర్చి మొత్తం కళ్ళు మూసుకుని ఎనోస్ కోసం పేరు పెట్టి ప్రార్థన చేసింది. ఆ ఎనోస్ వెనక వరసలో కూర్చునే ఉన్నాడు.

"దేవా, ఈ తాగుబోతు ఎనోస్‌ను కనికరించు. వాడి కోసం కాకపోయినా, వాడితో వేగుతున్న ఆ ఇల్లాలు హుల్దా కోసమైనా కనికరించు," అన్నాడు సంఘపెద్ద జెరెడ్, బయట గుర్రాలు కూడా ఉలిక్కిపడేలా.

"ఆమెన్" అన్నారందరూ. పేరు పెట్టి ప్రార్థించడం కొత్త బోధకుడు వీలాక్ తెచ్చిన పద్ధతి. ఒకడి పరువు తీయడానికి ఇంత భక్తిగల దారి ఉందని ఆ ఊరికి అప్పటిదాకా తెలియదు.

కాలువ పక్కనున్న ఆ ఊళ్ళో నిన్నమొన్నటిదాకా ఇంటింటి నేలమాళిగలోనూ సైడర్ పీపాలుండేవి. ఆపిళ్ళు పిండి, రసం పులియబెట్టి, చలికాలమంతా తాగేవాళ్ళు. జెరెడ్ కూడా అది తాగి పెరిగినవాడే. వీలాక్ వచ్చాక అది పాపమైంది. అందరూ పీపాలు పారబోశారు, ఎనోస్ తప్ప. కూతురు జ్వరంతో పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో పీపాలు మరీ తొందరగా ఖాళీ అవుతున్నాయి. చలి తగ్గకముందే అతను పక్కూరికి బండి కట్టుకుని సైడర్ కోసం వెళ్ళడం ఊరంతా చూసింది.

హుల్దా సంగతి వేరు. ఆడవాళ్ళ ప్రార్థన కూటాల్లో ఆమెలా ఏడ్చేవాళ్ళు లేరు.

వీలాక్ వచ్చి ఎనోస్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఇక ఊరుకోలేం ఎనోస్. నువ్వు మారకపోతే హుల్దాను జెరెడ్ ఇంట్లో ఉంచుతాం."

"ఆమెను నా దగ్గర్నుంచి తీసుకెళ్ళకండి అయ్యగారూ. నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావయ్యా, పీపాలనా?" అన్నాడు జెరెడ్. అందరూ నవ్వారు.

ఎనోస్ భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. అతను లేచి వెళ్ళి, పాపుల కోసం ముందు వేసిన బల్ల మీద కూర్చున్నాడు. "పాపం నాదే. సైడర్ పారబోస్తాను. ఆపిల్ చెట్లు కూడా కొట్టేస్తాను," అన్నాడు.

మర్నాడు గొడ్డలి పట్టాడు. తోట నిండా పూత. కంచె అవతల జనం వింత చూస్తున్నారు. పారబోసిన సైడర్ తాగి పందులు తూలుతుంటే పకపకా నవ్వారు.

చివరి చెట్టు దగ్గరకి హుల్దా పరుగెత్తుకొచ్చింది.

"ఇదొక్కటీ ఉంచవయ్యా. పాప ఎక్కి ఆడుకునేది దీని మీదే."

"వద్దు హుల్దా. ఇది కాసిందంటే మళ్ళీ మొదటికొస్తుంది."

"అంత కఠినంగా ఉండకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

ఎనోస్ ఏడుస్తూనే కొట్టాడు. తాగుడు మానడం ఎంత కష్టమో చూడండని జెరెడ్ జనానికి చెప్పాడు.

సైడర్ పారబోసిన వారం లోపే, ఆదివారం కూటంలో, వీలాక్ ప్రసంగం మధ్యలో, హుల్దా వణకడం మొదలుపెట్టింది. ముందు వేళ్ళు, తర్వాత ఒళ్ళంతా. ఒంటి మీద బట్టలు చెమటతో తడిసిపోయాయి. ఉన్నట్టుండి మూలకి చెయ్యి చూపించింది.

"పాప! అదుగో, పాప వచ్చింది!"

జనం మోకాళ్ళ మీద పడ్డారు. "పరిశుద్ధాత్మ దిగింది!" అని కేకపెట్టాడు వీలాక్. ఎంత ప్రసంగించినా అంతటి వణుకు అతను ఎక్కడా చూడలేదు.

ఎనోస్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "తప్పుకోండి. ఆమెకి ఒంట్లో బాగాలేదు. ఇంటికి తీసుకెళ్ళనివ్వండి."

"ఆత్మకి అడ్డుపడతావా?" అంటూ నలుగురూ అతన్ని పట్టుకున్నారు.

పెనుగులాడి, చేతకాక, ఎనోస్ జెరెడ్ చెవిలో అడిగాడు. "పెద్దగారూ, మీ ఇంట్లో సైడర్ ఏమైనా మిగిలిందా? ఒక్క గ్లాసు. మీకు దణ్ణం పెడతాను."

జెరెడ్ ఆ మాట అందరికీ వినిపించేలా చెప్పాడు. దేవుడు దిగివచ్చిన వేళ వీడికి తాగుడు గుర్తొచ్చిందట! తలా ఒక చెయ్యి వేసి అతన్ని గుమ్మం అవతలికి గెంటారు. బయట అతను తలుపు తలుపూ తట్టాడు. ఒక్కరూ తియ్యలేదు. చివరికి రేవులో పడవవాళ్ళ సారాకొట్టు వైపు పరుగెత్తాడు.

అతను తిరిగొచ్చేసరికి లోపల పాట పాడుతున్నారు. హుల్దా ముందు బల్ల కింద, కదలకుండా పడి ఉంది. ఆత్మ ఆమెను నిద్రపుచ్చిందని వీలాక్ చెబుతున్నాడు. చేతిలో నిండు సైడర్ గ్లాసుతో వస్తున్న ఎనోస్‌ను చూసి, "ఛీ, సిగ్గులేనివాడా!" అంటూ జనం పక్కకి జరిగారు.

ఎనోస్ ఆమె పక్కన కూలబడి, చల్లబడిపోయిన ఆ తలను ఒళ్ళోకి తీసుకుని, తను ఎన్నడూ రుచైనా చూడని ఆ సైడర్‌ను, కూతురు పోయిననాటి నుంచీ పట్టినట్టే, హుల్దా పెదవులకు ఆనించాడు.