కొట్టంలో విన్న సినిమా

"దొరికింది!"

సైదులు సైకిల్‌ను గోడకు ఆనించకుండానే వదిలేసి ఇంట్లోకి వచ్చాడు. అది ఎనభై తొమ్మిది ఎండాకాలం, పెళ్లిళ్ల రోజులు. వారం నుంచి హాలియాలో వీసీఆర్ కిరాయికి దొరకడం లేదు. తిరుమలగిరిలో ఎవరిదో పెళ్లి వాయిదా పడడంతో మక్సూద్ వీడియో షాపులో ఒకటి మిగిలింది.

"రేపు పొద్దుమూకే దాకా మనదే. టీవీ గూడ!" అని అందరికీ వినబడేటట్టు చెప్పాడు. చెప్పింది మాత్రం వంటింటి గడపలో నిలబడ్డ పారిజాతకు. నల్లగొండలో డిగ్రీ చదివిన ఆ కొత్త పెళ్లికూతురు పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

పెళ్లయి పందొమ్మిది రోజులు. ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. పెళ్లికని వచ్చిన మేనమామ గాలయ్య ఇంకా సంచి సర్దలేదు. నాయనమ్మ మైసమ్మకు రాత్రి నిద్ర పట్టదు, పగలు ఎవరినీ వదలదు. ఆలుమగలు తమలో తాము పది మాటలు మాట్లాడుకున్నది లేదు. అందుకే సైదులు ఈ ఉపాయం పన్నాడు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుంటే, గొర్లు మేతకు పోయి గొర్రెపిల్లలు తప్ప ఎవరూ ఉండని వెనక కొట్టం వాళ్లిద్దరిదీ. సినిమా ఎంతసేపైతే అంతసేపు.

చిక్కల్లా క్యాసెట్‌తోనే. కొత్త సినిమాలన్నీ అప్పటికే జనం పట్టుకుపోయారు. ముప్పై ఏళ్ల నాటి నలుపు తెలుపు ఏడుపు సినిమా ఒకటి మిగిలింది.

"మక్సూద్ మస్తు తారీఫ్ జేసిండు. ఆడోళ్లు కొంగులు పిండుకుంటరట, మొగోళ్లు బీడీకి గూడ లేవరట" అన్నాడు సైదులు గుసగుసగా.

"లేస్తే?"

"లేస్తే మన పని ఖతం."

మధ్యాహ్నం సినిమా మొదలైంది. వాడకట్టు ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. కాసేపటికి పారిజాత బియ్యం చాట పట్టుకుని వెనక్కి వెళ్లింది. ఇంకాసేపటికి సైదులుకు గొర్రెపిల్లల దాహం గుర్తొచ్చింది.

కొట్టంలో వేడి వేడి మిర్చీ బజ్జీల పొట్లం విప్పారో లేదో, గోడ అవతల బీరమ్మ గొంతు లేచింది. బీరమ్మ సైదులు తల్లి. ఈ పందొమ్మిది రోజుల్లో కోడలితో ఆమె మాట్లాడినదంతా రాస్తే ఒక కార్డుముక్క నిండదు.

"గీ హీరో గొర్లకాపరా? గొర్రెపిల్లను పూలబుట్ట పట్టినట్టు పట్టిండు. ఇస్త్రీ ధోతి, మెరిసే చెప్పులు! వీనికి మంద అప్పజెప్తే పొద్దుమూకేటాల్లకు తోకలు గూడ మిగలవు."

జనం గొల్లుమన్నారు.

"సచ్చినం. అత్తమ్మకు సినిమా నచ్చలేదు" అంది పారిజాత.

"హీరోయిన్ కష్టాలు మొదలైతే నచ్చుతది తియ్."

కష్టాలు మొదలయ్యాయి.

"ఆర్నెల్ల సంది తిండి లేదట! బుగ్గలు జూడుండ్రి, బూరెల లెక్కున్నయి" అంది బీరమ్మ.

"అక్కా, గిది చూసుడు నాతోని గాదు. కొట్టంల నడుం వాలుస్త" అన్నాడు గాలయ్య.

కొట్టంలో ఇద్దరి నోట్లో మిర్చి అక్కడే ఆగిపోయింది.

"పోరాదు తమ్మీ! చుట్టపోడు వచ్చి నెల దినాలు తిష్ట వేసే ముచ్చట రావట్టె. నువ్వు జూడకున్నా ఏం గాదు, నీకు తెల్వనిదా?"

మళ్లీ నవ్వులు. "నేనెక్కడ పోతనన్న? కాళ్లు తిమ్మిరెక్కితే లేచిన" అని గాలయ్య గొణుగుతూ కూర్చోవడం వినబడింది.

పారిజాత ఊపిరి పీల్చుకుంది. తనకు ఈల వేయడం వచ్చని చెప్పింది. సైదులు నమ్మలేదు. చిన్నగా, పిట్ట కూసినట్టు వేసి చూపించింది. అతను రెండోసారి వేయమని బతిమాలుతుండగా నాయనమ్మ గొంతు.

"పిల్ల ఏడవోయిందే? లేపుండ్రి నన్ను, కొట్టం దిక్కు పోయి జూసొస్త."

"జర ఆగు అత్తా. గీ సినిమాల ముసలామె గూడ నీ తీరే, కోడలు కండ్లముందు లేకుంటే పానం నిలవదు. ఇగ సచ్చేటట్టున్నది, చూసి పో."

"నా తీరా? ఎట్ల సస్తదో నేనూ చూస్త!"

మైసమ్మ కదల్లేదు. సినిమాలో ముసలామె చావడానికి అరగంట పట్టింది. ఆ తర్వాత ఆమె కొడుకు మంచమెక్కి పాట అందుకున్నాడు.

"ఊపిరాడతలేదంటడు, నాలుగు చరణాలు పాడిండు. ఆ ఊపిరి నాకుంటే రెండెకరాలు దున్నుదును."

"అత్తమ్మ గిట్ల ఆడిపోసుకుంటే రేపు మళ్లా వీడియో పెట్టనిస్తదా?" అంది పారిజాత దిగులుగా.

రెండున్నర గంటల సినిమా అయిపోయింది. దొంగల్లా చెరో దారిన ఇంట్లోకి చేరేసరికి అభిప్రాయాలు నడుస్తున్నాయి.

"పాత సినిమా అంటే గిది! ఇప్పటోళ్లకు తీయస్తదా?" అంటున్నాడు, నడుం వాలుస్తానన్న గాలయ్య.

"ఆ ముసలామె బంగారం. కోడలే పొగరుది" అంది మైసమ్మ.

"గింత అధ్వానపు సినిమా పుట్టి బుద్దెరిగి చూడలే. క్యాసెట్ తీస్కపోయి మక్సూద్ మొఖాన కొట్టు" అంది బీరమ్మ కొడుకుతో. సైదులు ముఖం వాడిపోయింది.

బీరమ్మ వంటింట్లోకి వచ్చింది. పారిజాత పొయ్యి ముందు తలొంచుకుని కూర్చుంది.

"సినిమా ఎట్లున్నది?"

"మంచిగున్నది అత్తమ్మా."

"ఏం మంచిగున్నది?"

"అదే... సచ్చిపోయేటప్పటి పాట."

బీరమ్మ ముందుగది వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"రేపు మూడున్నర గంటలది తెమ్మను బిడ్డా, గిది మీకు సరిపోలేదు."