ఆకు గుణం, చెయ్యి గుణం

రెండు జతల బట్టలు, దుప్పటి, సబ్బుపెట్టె కుక్కి సంచి జిప్పు లాగింది సోని. ఆమె అటు తిరిగిందో లేదో, ఆమె దాదీ అని పిలిచే నాయనమ్మ పూలి ఆ జిప్పు తీసి దుప్పటి బయట పెట్టేసింది.

"మల్ల తీసినవా దాదీ? హైదరాబాద్‌ల చలి పెడ్తది."

"ముందు గెలువు. గెలిచినంక కొనుక్కుందువు."

ఆ పూట కొత్తగూడెంలో పరీక్ష. ఆసుపత్రి కౌంటర్లో కూర్చునే కొలువు. రాసిన గంటకే కంప్యూటర్ మార్కులు చెప్పేస్తుంది. గెలిచినవాళ్ళను సాయంత్రమే హైదరాబాదు బస్సెక్కిస్తారు. తప్పినవాళ్ళు ఇంటికి. అడవి అంచున ఆ తండాలో, ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. సోని పోతే పూలికి పొద్దున లేచి పేరు పెట్టి పిలవడానికి మనిషి ఉండడు.

సోనికి లెక్కల్లో తిరుగులేదు. ఇంగ్లీషే గండం. అందులోనూ ఎప్పుడూ ఒక్కచోటే కాలు జారుతుంది. ఇరవై మార్కులు అక్కడే ఉన్నాయి.

"దాదీ, ఆఖరుసారి చెప్పవా? యాడ్‌వెర్బు, అడ్జెక్టివు మల్ల కలగాపులగమైనయ్."

బళ్లో వంట చేస్తూ, కిటికీ పక్కన నిలబడి విని నేర్చుకున్న ఇంగ్లీషు పూలిది. తండాలో ఆమెను మించిన మాస్టరు లేరు.

"తునికాకు కొయ్యనీకి వస్తివి గద. లేత ఆకు అంటం. లేత అన్నది ఎవరి గుణం?"

"ఆకుది."

"మెల్లగ కొయ్యి అంటం. మెల్లగ అన్నది?"

"చెయ్యిది. చేసే పనిది."

"అవ్. ఒకటి వస్తువును పట్టుకుంటది, ఒకటి పనిని పట్టుకుంటది."

"గది ఎరికే. ఏది ఏ పేరో చెప్పు. గక్కడనే గద నా తిప్పలు!"

పూలి నోరు తెరిచి ఆగింది. సంచి వంక చూసింది. అప్పటిదాకా ఆమె ఎవరికీ ఒక్క అక్షరం తప్పు చెప్పలేదు.

"వస్తువును పట్టుకునేది యాడ్‌వెర్బు. పనిని పట్టుకునేది అడ్జెక్టివు," అంది, రెండు పేర్లూ తారుమారు చేసి.

సోని కనుబొమలు ముడిచింది. "వెర్బంటేనే పని గద దాదీ? మరి..."

"పేరు చూసి మోసపోకు. సోని అంటే బంగారం. నీ ఒంటి మీద గురిగింజంత ఉన్నదా?"

సోని పకపకా నవ్వింది. గైడు కోసం గూటి వైపు చెయ్యి చాపితే పూలి అడ్డం వచ్చింది. "పరీక్షపూట పుస్తకం ముడితే చదివింది మరుస్తవు. ఉండనీ."

బయట భీమ్లా ఆటో హారన్ మోగింది. "జల్దీ రా సోనీ! బస్సు నీ కోసం ఆగదు!"

ఆటో ఎక్కి కూడా సోని వల్లె వేస్తూనే ఉంది. "వస్తువుకు యాడ్‌వెర్బు, పనికి అడ్జెక్టివు. గంతే గద దాదీ?"

ఒక్క మాట చాలు, సరిదిద్దడానికి. ఆటో ఇంకా కదల్లేదు.

"అవ్, గంతే," అంది పూలి.

సాయంత్రం నాలుగింటికి ఫోన్ వచ్చింది.

"రెండు మార్కులకు తప్పిన దాదీ. ఇంగ్లీషే ముంచింది."

పూలి గుండె కుదుటపడింది. "పోతే పోయింది బేటీ. ఆరింటి బస్సుకు వచ్చెయ్."

"నువ్వు గంత మంచిగ చెప్పినవు. నా బుర్రకే ఎక్కలే. ఏ మొఖం పెట్టుకొని నీ ముందట నిలబడాలె? నా లెక్కనే పరీక్ష తప్పిన పిల్లలు నలుగురు తిరుప్పూరు బట్టల మిల్లుకు పోతుండ్రు. వాళ్ళతోని నేనూ రైలెక్కిన."

"సోనీ, దిగు! తప్పు నీది కాదే. నేనే..."

రైలు కూతలో ఆ మాట కలిసిపోయింది. ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

రెండువేల ఇరవై మూడు జూన్ పదహారు, శుక్రవారం నాడు పోయిన సోని మళ్ళీ తిరిగి రాలేదు.