సగంలో సగం

"సార్, అది సున్నా ఎప్పుడవుద్ది?"

బోర్డు మీద సగం, సగంలో సగం, అందులో సగం అంటూ గీతలు గీస్తున్న దేవకుమార్ మాస్టారు వెనక్కి తిరిగారు. అడిగింది ఝాన్సీ. పరమాణువు, కేంద్రకం, చుట్టూ ఎలక్ట్రాన్లు అని ఆయన గొంతు చించుకున్నన్నాళ్ళూ వెనక బెంచీలో ఆవలిస్తూ కూర్చున్న పిల్ల, రేడియోధార్మికత పాఠం వచ్చేసరికి మొదటి బెంచీలోకి వచ్చి పడింది.

"లెక్క ప్రకారమైతే ఎప్పటికీ అవదమ్మా. ఎంతో కొంత మిగుల్తూనే ఉంటాది."

"ఎప్పటికీనా సార్?"

"ఎప్పటికీనే. కానీ పరీక్షలో అది అడగరు, ఫార్ములా అడుగుతారు. ముందది రాసుకో."

క్లాసంతా గొల్లుమంది. ఝాన్సీకి మాత్రం ఆ నవ్వు చెవికెక్కలేదు. గంట కొట్టగానే మాస్టారి వెనకాలే వరండాలోకి పరుగెత్తింది.

"అయొడిన్‌కి ఎన్నాళ్ళు సార్? అదే, ఆసుపత్రిలో మింగిస్తారే, ఆ అయొడిన్‌కి?"

"దానికా? ఎనిమిది రోజులకి సగం. నీకెందుకే అదంతా?"

"మా నానకి మింగించేరు సార్."

మాస్టారి మొహంలో నవ్వు చప్పున ఆరిపోయింది.

ఝాన్సీ తండ్రి పెదబాబు చెరకు ట్రాక్టరు తోలతాడు. గొంతు దగ్గర గడ్డ లేస్తే విశాఖ తీసుకెళ్ళారు. క్యాన్సరన్నారు, కోసి తీసేశారు. అడుగూబొడుగూ మిగిలింది మాడిపోవడానికి ఆ మందు మింగించి ఇంటికి పంపారు. మందు ఒంట్లో ఉన్నన్నాళ్ళూ మనిషిలోంచి కిరణాలు వస్తాయనీ, రెండు వారాలపాటు పెళ్ళాం పిల్లలకి దూరంగా ఉండాలనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పట్నుంచీ పెదబాబు వీధిగదిలో తలుపేసుకుని ఒక్కడే ఉంటున్నాడు. తెల్లారకుండానే లేచి వంట చెయ్యడం, గుమ్మంలో తండ్రికి కంచం పెట్టి రావడం, తమ్ముడు సన్నీకి స్నానం చేయించడం, అమ్మకి తల దువ్వి జడ వెయ్యడం, అన్నీ అయ్యాక ఆటో పట్టుకుని చోడవరం కాలేజీకి రావడం, ఇదీ ఝాన్సీ బతుకు. గడువు ఆదివారంతో తీరిపోతుంది. అయినా పెదబాబుకి డాక్టరు మాట మీద గురి కుదరలేదు.

"సన్నీగాడికి ఏటైనా అయితే నాను బతకనే. మీ సారుని ఓపాలి అడుగు. సారు బయం లేదంటేనే తలుపు తీస్తాను," అన్నాడు పొద్దున్న తలుపు వెనకనుంచి.

ఆ మాటే మాస్టారికి చెప్పింది ఝాన్సీ.

"సెప్పండి సార్. సున్నా అవదన్నారు గదా? మిగిలింది మడిసిని ఏటీ సెయ్యదా?"

"పిచ్చిపిల్లా, అదటే నీ భయం?" మాస్టారు మెత్తబడ్డారు. "పుస్తకంలో లెక్క వేరు, మనిషి ఒళ్ళు వేరు. మందు చాలామటుకు మొదటి రోజుల్లోనే ఒంటికి పోయినప్పుడు పోద్ది. డాక్టరు సరిగ్గానే చెప్పేడు. ఆదివారం అందరూ కలిసి కూచుని భోంచెయ్యండి."

ఝాన్సీ కళ్ళల్లోంచి నీళ్ళు జలజలా రాలాయి. మాస్టారికీ కళ్ళు చెమర్చాయి.

"ఊరుకోమ్మా, గండం గడిచింది. మీ నాన్న నెంబరియ్యి, నేనే చెప్తాను."

"ఒద్దు సార్!" వరండాలో వాళ్ళంతా తిరిగి చూసేంత గట్టిగా అరిచింది. వెంటనే గొంతు తగ్గించింది. "నేనే సెప్తాను సార్. నా నోటితో సెప్పుకోవాలి."

తండ్రి మీద ఎంత ప్రాణమో అనుకుంటూ మాస్టారు ఆ పిల్ల తల నిమిరి వెళ్ళిపోయారు.

ఆటోలో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంది ఝాన్సీ. ఆదివారం ఎంతో దూరంలో లేదు. చెప్పాల్సిన మాట లోలోపల ఎన్నిసార్లు అనుకున్నా కూడబలుక్కోవడం కుదరడం లేదు. దేవుడా, మాట తడబడకుండా చూడు, అని మొక్కుకుంది.

ఇంట్లోకి అడుగు పెట్టిందో లేదో గదిలోంచి కేక వినబడింది.

"ఒచ్చేవేటే? మీ సారేటన్నారు?"

వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది తల్లి. ఊపిరి బిగబట్టి కూతురి నోటికేసే చూస్తోంది. ఝాన్సీ మూసిన తలుపుకి ఎదురుగా వెళ్ళి నిలుచుంది.

"ఎనిమిది రోజులకి సగమే పోద్దంట నానా. మిగిలిన దాంట్లో మళ్ళీ సగమే. ఎప్పటికీ పూర్తిగా పోదంట."

"మరి డాకటేరు ఆదివారం అన్నాడు గదే?"

"అది పెద్దోళ్ళకంట. ఇంట్లో సిన్నపిల్లడున్నాడంటే సారు అడిలిపోయేరు. ఇంకో రెండు నెల్లు తలుపు తియ్యొద్దన్నారు."

లోపల మంచం కిర్రుమంది.

"సర్లే. గుంటడ్ని ఇటేపు రానియ్యకండి."

ఝాన్సీ వంటింట్లోకి నడిచి, తల్లి పక్కన కూలబడింది.

నాన్న విరిచిన అమ్మ చెయ్యి ఇంకా అతుక్కోలేదు.