అర్థాలు చెప్పే ఫోను

"ఈ నెలలో ఒక్క ఫోనూ రాలేదు. సాయంత్రం కనెక్షన్ తీయించేస్తున్నా," అన్నాడు మేనేజరు.

నిఘంటువు ఆఫీసులో ఆ ఫోనుకి ఒకటే పని. ఏదైనా మాటకు అర్థం కావలసినవాళ్ళు చేస్తే పండితుడు చెప్పాలి.

"సాయంత్రం ఇంకా కాలేదు కదండీ," అని గొణిగాడు పండితుడు. అదీ పోతే తన మాట వినే దిక్కుండదు. బీరువాల నిండా ఉన్న మాటలు తిరిగి మాట్లాడవు.

మూడున్నరకి ఫోను మోగింది. కుర్చీ తన్నుకుంటూ వెళ్ళి అందుకున్నాడు.

"అయోమయం అంటే ఏంటండీ?" బొంగురుపోయిన ఆడగొంతు.

"ఏమీ పాలుపోకపోవడం," అనేసి నాలిక కరుచుకున్నాడు. ఇంత పొట్టిగా చెప్తే పెట్టేయదూ! "ఉండండుండండి, పుట్టుక వినాలి. సంస్కృతంలో అయస్సంటే ఇనుము. అయోమయమంటే ఇనుముతో చేసినదని."

"ఇనుముకీ గందరగోళానికీ ఏం చుట్టరికం?"

"తేలలేదు. నాకు తోచింది చెప్పనా?"

"చెప్పండి. నాకు మాత్రం తొందరేముంది?"

ఆ ఒక్క మాటకే అతనికి ప్రాణం లేచొచ్చింది. నాలుగు వైపులా ఇనప గోడలే ఉండి, తలుపన్నది కనబడకపోతే మనిషి మనసు ఎలా ఉంటుందో పావుగంట వర్ణించాడు. ఆవిడ ఊకొట్టింది, అడ్డుప్రశ్నలేసింది, ఒకసారి నవ్వింది కూడా.

"జలుబు చేసినట్టుందమ్మా?"

"మూడు రోజులైంది. అడిగినవాళ్ళు మీరొక్కరే."

"అయ్యో! ఇంతకీ ఈ మాట మీకెక్కడ తగిలింది?"

"మా ఆయన నన్ను రోజూ అంటారు, ఒట్టి అయోమయం మాలోకానివని."

"అర్థం తెలీకుండా నోరు పారేసుకునే మూర్ఖుడన్నమాట!"

"నాకూ అదే అనుమానం. మీరైతే ఇంట్లో ఎన్ని కబుర్లు చెప్తారో! మీ ఆవిడ అదృష్టవంతురాలు."

సంభాషణ ముగింపుకొస్తున్నట్టు తోచింది పండితుడికి. కాస్త జాలిపడితే ఇంకో పది నిమిషాలు ఉంటుందేమో.

"నాకు ఇంట్లో ఎవరూ లేరండీ," అన్నాడు.

అవతల గిన్నె ఠక్కున కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"అలాగా," అంది ఆవిడ. "అయితే లేనిదాన్ని వంటేం చేస్తాను గానీ, వచ్చేటప్పుడు బయటే తినేసి రండి."